గది దాటని మాట

కృపమణికి మైకు అక్కర్లేదని ఊళ్లో అందరూ అంటారు. ఆ మాటలో ఎగతాళి కొంత, గౌరవం ఎక్కువ. మైదుకూరుకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉంది ఆ ఊరు. అక్కడి పాతకాలపు రాతి చర్చిని ఊరివాళ్లు గుడి అనే అంటారు. అందులో ప్రతి శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన జరుగుతుంది. గుమ్మం దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా పెడతారు. ఎవరి కష్టం వాళ్లు చీటీ మీద రాసి అందులో వేస్తారు. రాయడం రానివాళ్లు కృపమణి చెవిలో చెబుతారు. పదకొండు గంటలకు ఆమె లేచి, కొంగు తల మీద కప్పుకొని, ఒక్కొక్క చీటీ పేరు పెట్టి చదువుతుంది. ఫలానా ఆమెకు మోకాళ్ల నొప్పి, ఫలానా వాళ్ల పిల్లవాడు తాగుడు మానాలి, ఫలానా వాళ్ల కోడలికి ఇంకా కడుపు పండలేదు. చదివిన ప్రతిసారీ ఆడవాళ్లంతా ఒక్కుమ్మడిగా గొంతెత్తి ప్రార్థిస్తారు. పేరు చెప్పని ప్రార్థన అడ్రసు రాయని ఉత్తరంలాంటిదని కృపమణి నమ్మకం. పద్దెనిమిదేళ్లుగా ఆ డబ్బా ఆమె చేతిలోనే ఉంది.

యాభై రెండేళ్ల మనిషి. ఎకరంన్నర సొంత పొలంలో పసుపు వేస్తుంది. తన పని లేనినాడు కూలికి పోతుంది. గోళ్ల సందుల్లో పసుపు ఏడాది పొడుగునా వదలదు. భర్త దావీదురాజు ఎర్రగుంట్లలో సిమెంటు బస్తాలు లోడు చేసే పనిలో ఉన్నాడు. వారానికొకసారి ఇంటికి వస్తాడు, వచ్చినా నోరు విప్పడు. ఆ ఇంటికి కావలసిన మాటలన్నీ కృపమణే మాట్లాడేది. వాళ్లకు ఒక్కతే కూతురు, మహిమ.

మహిమ బీఎడ్ చదివి కడపలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. ఇరవై ఆరేళ్లు. తండ్రి పోలిక, మాట తక్కువ. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారి బస్సుకు వెళ్లిపోయేది. నిరుడు మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఉడికించి ఎండబోసిన పసుపు కొమ్ముల్లోంచి పుచ్చువి ఏరుతూ తల్లీకూతుళ్లు పంచలో కూర్చున్నారు. మహిమ తలెత్తకుండానే మాట మొదలుపెట్టింది.

"అమ్మా, నేను కడపలో ఒక మేడమ్ కాడికి పోతాండా. కౌన్సిలింగుకు."

"ఎందుకుమే? నీకేమొచ్చింది?"

"నిద్ర పట్టదు. దేనిమీదా మనసు పోదు. ఒక్కోసారి బతకాలనే అనిపీదమ్మా. ఎవురూ ఏమీ అనలేదు, ఎవురితోనూ గొడవ లేదు. ఊరికే అట్లా వస్తాది."

కృపమణి చేతిలో పసుపు కొమ్ము అట్లాగే ఉండిపోయింది. ఏం మాట్లాడాలో ఆమెకు తెలియని రోజు అంతకు ముందు లేదు.

"ఎవురికీ చెప్పొద్దు," అంది మహిమ.

"చెప్పనులే."

ఆ మాట అబద్ధం కాదు. ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చింది. కానీ సోమవారం నుంచి గురువారం దాకా ఆ బరువు మోయడం ఆమె వల్ల కాలేదు. కలుపు తీస్తుంటే అదే, పొయ్యి ముందు కూర్చుంటే అదే. తన కష్టాన్ని తనలోనే దాచుకోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఎంత కష్టమైనా నలుగురి మధ్య లేచి చెప్పుకోవడం, నలుగురూ కలిసి ఏడవడం, అదే ఆమెకు తెలిసిన మందు. దేవుడు 'ఎవరో' కాదు గదా అనుకుంది. దేవుని సంఘమంటే కుటుంబమే, వాళ్లూ ఎవరో కాదు గదా అనుకుంది. అట్లా తనకు తానే సర్దిచెప్పుకుని శుక్రవారం చర్చికి వెళ్లింది.

డబ్బాలోని చీటీలన్నీ చదివాక, చీటీ లేని మాట ఒకటి చెప్పింది. నా బిడ్డ మహిమకు బతకాలని లేదంటాంది, దాని కోసం ప్రార్థన చేయండి అని, అందరూ వినేలా, ఆ మైకు అక్కర్లేని గొంతుతో. చెబుతూనే కూలబడిపోయింది. నలభై మంది ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరి, భుజాలు పట్టుకుని, ఆమె కంటే ఎక్కువగా ఏడ్చారు. ఆ రోజు కృపమణి ఇంటికి తేలిగ్గా నడిచి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ వారంలో ఆమె కడుపునిండా తిన్నది ఆ పూటే.

సాయంత్రానికల్లా ఆ సంగతి స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. ఎవరో ఓపిగ్గా టైపు చేశారు. 'మన మహిమ చెల్లి కొరకు, మరణపు ఆత్మ నుండి విడుదల కొరకు ప్రార్థించగలరు' అని. కింద క్రిస్మస్ నాటి ఫోటో కూడా పెట్టారు, ఆకుపచ్చ చీరలో మహిమ నవ్వుతున్న ఫోటో. ఆ గ్రూపు నుంచి ప్రొద్దుటూరు గ్రూపుకు, అక్కడి నుంచి కడప గ్రూపుకు పోయింది. సోమవారం బడిలో, టీచర్ల గదిలో, మహిమతోపాటు పనిచేసే ఒకామె ఫోను తెచ్చి చూపించింది. మా సంఘంలో కూడా నీ కోసం మోకరించినాము మహిమా అని ఆమె ప్రేమగానే చెప్పింది. ఈ కథలో చెడ్డవాళ్లు ఒక్కరైనా ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికైనా పనికొచ్చేవాళ్లు. ఒక్కరూ లేరు.

మధ్యాహ్నం మహిమ ఫోను చేసింది.

"అమ్మా, నీకొక్కదానికే చెప్పింటి," అంది. అంతే, పెట్టేసింది.

తర్వాత మూడు వారాలు మామూలుగానే ఇంటికి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ప్రార్థన చేసిన నూనె సీసా పట్టుకుని వచ్చి, ఆమె తలమీద చేయిపెట్టి ప్రార్థన చేసి పోయేవాళ్లు. మహిమ తల వంచుకుని కూర్చునేది. వాళ్లు వెళ్లేటప్పుడు వందనాలు అనేది. తల్లితో గొడవ పెట్టుకోలేదు. గొడవ పెట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో అని కృపమణి ఆ తర్వాత అనుకోని రోజు లేదు. నాలుగో వారం పరీక్షల పేపర్లు దిద్దాలని చెప్పి రాలేదు. మే మొదటి వారంలో, ఆ శుక్రవారానికి సరిగ్గా ఆరు వారాలకు, మహిమ తన ప్రాణం తానే తీసుకుంది. ఎట్లా అన్నది ఇక్కడ చెప్పాల్సిన పని లేదు.

లేవి అయ్యగారు మంచి పాస్టరు. చావులో తేడా చూపించకుండా, చర్చి వెనక అందరి మధ్యనే మహిమ సమాధికి చోటు ఇచ్చాడు. కృపమణి మళ్లీ డబ్బా ముట్టుకోలేదు. దావీదురాజు భార్యను ఒక్క మాట అనలేదు. ఒక్క ఆదివారం మాత్రం, అన్నం తింటూ, "ఆ పొద్దు నువ్వు గుడికి పోకుండా ఉండింటే," అన్నాడు. మిగతా సగం మింగేసి, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ మిగతా సగం కృపమణి ప్రతిరోజూ తనే పూర్తి చేసుకునేది.

ఆగస్టులో, కడప నుంచి తెచ్చి మూలన పెట్టిన మహిమ సంచులు విప్పింది. చేతిసంచిలో, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి దొరికింది. 'మొదటిసారి వచ్చేవారు తెలుసుకోవలసిన సంగతులు' అని పైన అచ్చువేసి ఉంది. కింద కడప అడ్రసు, హర్షిణి అని ఒక కౌన్సిలరు పేరు. కృపమణి పంచలో కూర్చుని అక్షరం అక్షరం చదివింది. ఇక్కడ మందులు ఇవ్వరు, అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపుతారు అని ఉంది. ఒక్కరోజులో తేలేది కాదు, మొదట్లో బాధ పెరిగినట్టు కూడా అనిపించవచ్చు అని ఉంది. నచ్చకపోతే నచ్చలేదని మొహం మీదే చెప్పండి, నేనేమీ అనుకోను అని ఉంది. బహుమతులు తీసుకోను అని ఉంది. ఒక వాక్యం కింద మహిమ పెన్సిలుతో గీత గీసుకుంది.

'మీరు ఈ గదిలో చెప్పే మాట ఈ గది దాటదు.'

దాని కిందనే ఇంకొకటి ఉంది. 'మీ ప్రాణానికి అపాయం ఉందని నాకు అనిపిస్తే మాత్రం, మీకు చెప్పి, మీ మనిషి ఒకరికి తెలియజేస్తాను. ఆ ఒక్కరు ఎవరో మీరే రాయండి.' ఆ పక్క ఖాళీలో, లెక్కల టీచరు గుండ్రటి అక్షరాలతో, 'మా అమ్మ' అని రాసి ఉంది.

కాగితం వెనక తేదీలు ఉన్నాయి, అన్నీ బుధవారాలే. మొదటి నాలుగింటి పక్కన చిన్న టిక్కులు. ఆ తర్వాత రెండు తేదీలు రాసుకుంది గానీ టిక్కు లేదు. నాలుగో టిక్కుకు, టిక్కు లేని మొదటి బుధవారానికి మధ్య ఏ శుక్రవారం వచ్చిందో కృపమణికి ఇంకొకరు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పద్దెనిమిదేళ్లు అందరి చీటీలూ చదివిన మనిషికి తన ఇంటి చీటీ అప్పుడు అందింది.

మరుసటి బుధవారం పొద్దున్నే కడప బస్సెక్కింది. ఏడురోడ్ల దగ్గర దిగి, అడుగుతూ అడుగుతూ, ఒక కళ్లద్దాల షాపు పైన ఉన్న ఆ గది పట్టుకుంది. హర్షిణికి ముప్పై అయిదేళ్లు ఉంటాయి, నూలు చీర, ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్యన నీళ్ల సీసా. ఇంతేనా అనుకుంది కృపమణి. కూర్చోకుండానే కాగితం విప్పి చూపించింది.

"నా బిడ్డ మహిమ ఈడికొచ్చినాది. ఏం చెప్పిందో నాకు చెప్పు మేడమ్. ఈడ చూడు, మా అమ్మ అని రాసినాది. నాకెందుకు ఫోను చేయలా నువ్వు? రెండు వారాలు రాకపోతే ఏమైందని చూడవా?"

హర్షిణి ఆ కాగితం మీది అక్షరాలను చాలాసేపు చూసింది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం తొణకలేదు.

"ఈ గదికి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో కూడా నేను చెప్పకూడదమ్మా."

"అది పోయిందమ్మా! పోయినోళ్లకు దాచేదేముంటాది?"

"పోయినవాళ్ల మాట కూడా వాళ్లదేనమ్మా. నాది కాదు, ఇంకొకరికి ఇవ్వడానికి."

"నేను తల్లిని!"

"అవునమ్మా," అంది హర్షిణి.

కృపమణి ఊరుకునే మనిషి కాదు. తిట్టింది. కింద కళ్లద్దాల షాపువాళ్లు మెట్ల దగ్గరికొచ్చి చూసేంతగా తిట్టింది. హర్షిణి అంతా విన్నది. తన మీద ఫిర్యాదు చేయాలంటే ఎక్కడ చేయాలో ఒక చీటీ మీద రాసి ఇచ్చింది. కృపమణికి తన కోసం మాట్లాడుకోవాలని ఉంటే, కర్నూలులో ఇంకొక మంచి కౌన్సిలరు ఉన్నారని, ఇంత కోపం ఉన్న చోటికంటే అక్కడే నయమేమో అని ఆ పేరు ఇంకొక చీటీ మీద రాసింది. కృపమణి రెండు చీటీలూ సంచిలోని బైబిల్లో పెట్టుకుని మెట్లు దిగింది.

పైవారం బుధవారం మళ్లీ వచ్చింది. కర్నూలుకు కాదు, ఈడికే. ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. బిడ్డ చివరగా నోరు విప్పి మాట్లాడిన చోటు అదొక్కటే. ఆ గోడల మధ్య ఇంకొంచెంసేపు ఉండాలని ఉంది, అంతే. కొత్తగా వచ్చినవాళ్లకు ఇచ్చే కాగితమే హర్షిణి ఆమెకూ ఒకటి ఇచ్చింది. అపాయం వస్తే ఎవరికి చెప్పాలన్న చోట కృపమణి దావీదురాజు పేరు రాసింది, రాయడానికి చాలాసేపు పట్టింది.

మాట్లాడమంటే లేచి నిలబడింది. ప్రభువు నామంలో వందనాలు అని మొదలుపెట్టింది. బిడ్డ పోయిన దుఃఖం చెప్పింది, దేవుడు ఓదార్చిన విధం చెప్పింది, దేవునికి స్తోత్రం అని ముగించి కూర్చుంది. చర్చిలో సాక్ష్యం చెప్పడం అట్లాగే. ఎంత పెద్ద కష్టంతో మొదలైనా స్తోత్రంతోనే ముగించాలి. మూడు బుధవారాలు అదే వరస. హర్షిణి ఓపిగ్గా విని, మూడోసారి అడిగింది.

"చివర మంచిగా ముగించకపోతే ఏమవుతుందమ్మా?"

"అట్లెట్లా? వినేవాళ్లకు ధైర్యం ఉండొద్దా?"

"ఇక్కడ వినేది నేనొక్కదాన్నే. నా ధైర్యం బాధ్యత మీది కాదు."

కృపమణి అరగంట ఊరికే కూర్చుంది. హర్షిణి ప్రశ్నలు వేయలేదు, సలహా ఇవ్వలేదు, గడియారం చూడలేదు. మాట లేకుండా అంతసేపు ఇంకొక మనిషి ఎదురుగా కూర్చోవడం కృపమణికి అదే మొదలు. దావీదురాజు ఇంటికొచ్చిన ప్రతిసారీ చేసే పని ఇదేనా అనుకుంది.

నాలుగోసారి తన పొలం పసుపు పొడి కొట్టించి పొట్లం కట్టి తెచ్చింది. హర్షిణి తీసుకోలేదు.

"కాగితంలో రాశాం కదమ్మా."

"పసుపు కూడా లంచమేనా మేడమ్?"

హర్షిణికి నవ్వొచ్చింది. కృపమణి కూడా నవ్వింది. మే తర్వాత అదే మొదటి నవ్వు. నవ్విన వెంటనే పొట్లం ఒళ్లో పెట్టుకుని, ఎవరూ పక్కన పట్టుకోకుండా, ఎవరూ గొంతు కలపకుండా, ఒంటరిగా ఏడ్చింది. ఆ వారమంతా అన్నం వండలేదు, పొలం మొహం చూడలేదు. తర్వాతి బుధవారం వస్తూనే విరుచుకుపడింది.

"ఈడికి రాకముందే బాగుంటి. రాబట్టి ఇంకా శానా అధ్వానం అయినా. నాకొద్దు ఇది."

"ఆ మాట నాతోనే చెప్పారు, మంచి పని చేశారు," అంది హర్షిణి. "చాలామంది చెప్పకుండానే మానేస్తారు."

అన్నాక ఆమె చటుక్కున ఆగిపోయింది. ఇద్దరికీ తెలుసు ఎవరు గుర్తుకొచ్చారో. ఇద్దరూ ఆ పేరు ఎత్తలేదు.

ఊళ్లో ఆడవాళ్లు అడగకుండా ఉంటారా? కుళాయి దగ్గర, కూలికి పోయే ఆటోలో, చర్చి గుమ్మంలో, బుధవారం బుధవారం కడపలో ఏం మాట్లాడతావక్కా అని. ఊరికే కూర్చుంటాము అనేది కృపమణి. లేవి అయ్యగారు ఇంటికే వచ్చి, నెమ్మదిగా అడిగాడు.

"ఆమెతో చెప్పేది ప్రభువుతో చెప్పుకోకూడదామ్మా?"

"ఆయనతోనూ చెప్తాండా అయ్యగారూ. ఆయన మింద నాకు కోపం లేదు. డబ్బాలో చీటీల మింద మాత్రం పేర్లు రాపియ్యొద్దండి. పేర్లు ఆయనకు తెలుసు గదా."

పాస్టరు తలూపి వెళ్లిపోయాడు. ఆ పై శుక్రవారం నుంచి పేర్లు చదవడం మానేశారని కృపమణి విన్నది. ఆమెకు సంతోషం కలగలేదు. ఇంత చిన్న మార్పు, చీటీ మీద ఒక్క పేరు రాయకపోవడం, మార్చిలో తనకెందుకు తోచలేదా అని వేరుశనక్కాయలు ఒలుస్తూ ఒలుస్తూ కుమిలిపోయింది.

డిసెంబరులో ఒక బుధవారం. క్రిస్మస్ దగ్గర పడుతోంది, కింద వీధిలో నక్షత్రాలు అమ్ముతున్నారు. కృపమణి ఆ రోజు లేవలేదు, వందనాలు చెప్పలేదు. కుర్చీలో ఒక పక్కకు ఒరిగి, తన గొంతే కాదన్నట్టు సన్నగా మొదలుపెట్టింది.

"నేనే చెప్పినా మేడమ్. ఎవురికీ చెప్పొద్దనింది. చెప్పనులే అంటి. ఐదు దినాలు మోయలేక గుళ్లో అందరి ముందర చెప్పినా. దాని కోసమే అనుకుంటి. దాని కోసం కాదు. నా బరువు దిగాలని చెప్పినా. ఆ పొద్దు నేను అన్నం కడుపునిండా తింటి మేడమ్. నా బిడ్డ మాట బజార్లో పారేసి నేను అన్నం తింటి."

హర్షిణి ముందుకు వంగి కూర్చుంది.

"అది నన్నొక్కదాన్నే నమ్మింది. నేనే సంపినానా దాన్ని?"

"ఒక్క మాటతో ఎవరూ చనిపోరమ్మా," అంది హర్షిణి నెమ్మదిగా. "మనసుకొచ్చే ఆ జబ్బుకు ఒక్క కారణం ఉండదు. మీరు చంపలేదు. కానీ ఆ మాట బయటపడినందువల్ల ఎవరికీ నొప్పి కలగలేదని మాత్రం నేను చెప్పను. చెప్పినా మీరు నమ్మరు."

"నమ్మను."

"అవును."

కృపమణి ఏడవలేదు. ఆ నొప్పి లేదని అన్నవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఉందని ఒప్పుకున్న మనిషి ఈమె ఒక్కతే. గుండెల్లో రాయి ఏమీ కరగలేదు. కాకపోతే దాన్ని ఇంకొకరు కూడా చూశారు. టైము అయిందని హర్షిణి చెప్పేదాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.

లేచి సంచి భుజానికి తగిలించుకుంది కృపమణి. తలుపు దాకా పోయి, వెనక్కి తిరిగింది. తను ఇంతసేపూ కూర్చున్న కుర్చీ వైపు చూసింది. దాని కర్ర చెయ్యి ఒక చోట, ఎవరెవరో పట్టుకుని పట్టుకుని, నున్నగా అరిగిపోయి ఉంది. దగ్గరికొచ్చి, పసుపు వదలని వేళ్లతో ఆ చోటును తాకింది.

"మేడమ్, అది కూర్చునింది ఈ కుర్చీలోనేనా?"

హర్షిణి పెదవులు కదిలాయి. ఆమె కళ్ల నిండా నీళ్లు, ఆమె నోరు మాత్రం గట్టిగా మూసుకునే ఉంది. కృపమణి ఆ మూసిన నోటినే చూస్తూ నిలబడింది. ఆగస్టులో ఆ నోటిని ఎన్ని మాటలు తిట్టిందో గుర్తొచ్చింది.

"వద్దులే తల్లీ, చెప్పొద్దు," అంది. "నీ కాడన్నా భద్రంగా ఉండనీ, దాని మాట."

తలుపు తనే మెల్లగా దగ్గరికి వేసి, మెట్లు దిగి, మైదుకూరు బస్సు కోసం నిలబడింది.